ఇంటి నీటి మోటారు – విద్యుత్ పొదుపు: కృష్ణా డెల్టా గృహాలకు కొన్ని లెక్కలు

గృహావసరాలకు వినియోగించే పంపులలో విద్యుత్ పొదుపు అనే అంశం శీతల దేశాలలో చాలా కాలంగా చర్చకు వస్తున్నది. అక్కడ ఇంటిని వెచ్చగా ఉంచుటకు వేడినీటిని గొట్టాల ద్వారా తిప్పే చిన్న పంపులు చలికాలమంతా నిర్విరామంగా పనిచేస్తాయి. యూరోపియన్ యూనియన్ 2013 నుంచి ఈ పంపులకు సామర్థ్య ప్రమాణాలను తప్పనిసరి చేసి, 2015లో వాటిని మరింత కఠినతరం చేసింది. అవసరాన్ని బట్టి వేగాన్ని తగ్గించుకొనే శాశ్వత అయస్కాంత మోటార్లు ఆ విధంగా ఇంటింటికీ చేరాయి. విజయవాడ ఎండలకు ఇళ్లను వేడి చేసే పంపులతో పని లేదు. ఇక్కడి పంపు సంపులోని నీటిని డాబాపై ట్యాంకుకు ఎక్కించే మోటారే.

ఈ రెండింటికీ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. వేడినీటి పంపు మూసివున్న గొట్టాలలో నీటిని తిప్పుతుంది. ఎత్తుకు మోయవలసిన భారం లేదు. అటువంటి చోట వేగం సగానికి తగ్గితే, సిద్ధాంతరీత్యా విద్యుత్ ఎనిమిదవ వంతుకు పడిపోతుంది. డాబాపైకి నీరు ఎక్కించేటప్పుడు ఎత్తు మారదు కనుక, వేగం తగ్గించినంత మాత్రాన ఆ లాభం రాదు. మరీ తగ్గిస్తే నీరు పైకే రాదు. కావున వేగం మార్చే ఖరీదైన పరికరాన్ని ట్యాంకు నింపే మోటారుకు అమర్చుకొనుటకు ముందు వినియోగదారులు ఆలోచించవలసి ఉన్నది. అపార్టుమెంట్లలో ట్యాంకు లేకుండా నేరుగా కుళాయిలకు ఒత్తిడితో నీరిచ్చే పంపులకు మాత్రం అది తగిన పరికరమే.

వెయ్యి లీటర్ల నీటిని 12 మీటర్ల ఎత్తుకు చేర్చుటకు కావలసిన అసలు శక్తి 0.033 యూనిట్ మాత్రమే. వాడుకలో అర హార్స్‌పవర్ మోటారు సుమారు 600 వాట్లు తీసుకొంటుంది. ఆ ట్యాంకు నిండుటకు అరగంట పడితే 0.3 యూనిట్ ఖర్చయినట్లు. అనగా చెల్లించిన విద్యుత్తులో సుమారు తొమ్మిదో వంతు మాత్రమే నీటిని ఎత్తుటకు ఉపయోగపడింది. మిగిలినది వైండింగ్ వేడి, పంపులోని అరుగుదల, పైపులలో ఘర్షణ రూపంలో వృథా అయింది. ప్రతి ఇంటివారూ ఈ పరీక్ష చేసుకొనవచ్చును. మిగతా స్విచ్చులన్నీ ఆపి, మోటారు ఒక్కటే నడిపి, ఎలక్ట్రానిక్ మీటరుపై మెరిసే ఎర్ర దీపాన్ని లెక్కించాలి. ఎన్ని మెరుపులకు ఒక యూనిట్ అన్నది మీటరుపైనే ముద్రించి ఉంటుంది.

సామర్థ్యం పడిపోవుటకు కారణాలు ఎక్కువగా సాధారణమైనవే. ఫుట్ వాల్వ్ కారితే ప్రతిసారీ ప్రైమింగ్ చేయవలసి వస్తుంది. గాలి పీల్చిన మోటారు నీరు ఇవ్వకుండానే తిరుగుతుంది. ఒక అంగుళం పైపు వేయవలసిన చోట ముప్పావు అంగుళం పైపు వేస్తే, అదే ప్రవాహానికి ఘర్షణ నష్టం సుమారు నాలుగు రెట్లవుతుంది. రెండంతస్తుల ఇంటికి ‘ఎందుకైనా మంచిది’ అని ఒక హార్స్‌పవర్ మోటారు కొనుట మరొక అలవాటు. ఎక్కవలసిన ఎత్తుకు, కావలసిన ప్రవాహానికి తగిన పంపును ఎంపిక చేసుకొనుటే అసలు పొదుపు. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ స్టార్ గుర్తు పొందిన పంపుసెట్లను కొనుగోలు సమయంలో అడిగి తీసుకొనుట మేలు.

డెల్టాలో ఈ విషయానికి మరొక కోణం ఉన్నది. దివిసీమ, మచిలీపట్నం వంటి తీర ప్రాంతాలలో భూగర్భ జలం ఉప్పుబారినందున బోర్లపై ఆధారపడుటకు వీలు తక్కువ. వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందే గ్రామాల చెరువులను నింపుకొంటారు. అటువంటి చోట ట్యాంకు నిండి పొంగి డాబా మీదుగా కారిపోయే నీరు రెండు విధాల నష్టం. కొద్ది వందల రూపాయల ఫ్లోట్ స్విచ్ ఈ నష్టాన్ని అరికడుతుంది. కొత్త మోటారు కంటే ముందు కొనదగినది ఇదే.

పట్టణాలలో మునిసిపల్ కుళాయికి నేరుగా మోటారు బిగించుట నిషిద్ధం. పైపులో పీల్పు ఏర్పడినపుడు పగుళ్ల ద్వారా మురుగు నీరు లోనికి చొచ్చుకొని వచ్చే ప్రమాదం ఉన్నది. పైగా చివరి ఇళ్లకు నీరు అందదు. కుళాయి నీటిని సంపులోనికి వదిలి, అక్కడి నుంచి మాత్రమే ఎక్కించుకొనాలి.

ఇంటి ఖర్చులో మోటారు వాటా ఎంత? రోజుకు వెయ్యి లీటర్లు ఎక్కించే స్వతంత్ర గృహంలో పైన చెప్పిన అధ్వాన్నపు మోటారు సైతం నెలకు 9 యూనిట్లు మించదు. మంచి పంపు మార్చితే ఆరు యూనిట్లు మిగులవచ్చును. ఇరవై ఫ్లాట్ల అపార్టుమెంటు సంగతి వేరు. రోజుకు 20 వేల లీటర్లను 20 మీటర్లు ఎక్కించుటకు 20 శాతం సామర్థ్యం గల పంపు నెలకు సుమారు 163 యూనిట్లు తింటే, 40 శాతం సామర్థ్యం గల పంపుకు అందులో సగం చాలును.

స్వతంత్ర గృహాలలో అసలు పొదుపు తల పైననే తిరుగుతున్నది. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తీసుకొంటే, బీఎల్‌డీసీ ఫ్యానుకు సుమారు 30 వాట్లు సరిపోతాయి. యూరప్ పంపులలోని శాశ్వత అయస్కాంత మోటారే ఇందులోనూ ఉన్నది. మూడు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగే ఇంట నెలకు దాదాపు 48 యూనిట్లు ఆదా అవుతాయి. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2022-23 టారిఫ్ ఉత్తర్వు ప్రకారం 126 నుంచి 225 యూనిట్ల వరకు యూనిట్‌కు రూ.6.00, ఆపైన 400 వరకు రూ.8.75. తగ్గిన యూనిట్లు ఎప్పుడూ పై శ్లాబు నుంచే తగ్గుతాయి. ఆ లెక్కన నెలకు 240 యూనిట్లు వాడే కుటుంబానికి 48 యూనిట్ల పొదుపు విలువ సుమారు 329 రూపాయలు.

వేసవి సాయంత్రాలలో వోల్టేజీ పడిపోయినపుడు మోటారు నడపరాదు. అప్పుడు అది ఎక్కువ కరెంటు తీసుకొని వేడెక్కుతుంది, వైండింగ్ కాలుతుంది. పలుమార్లు రీవైండింగ్ చేయించిన మోటారు సామర్థ్యం కొంత తగ్గే అవకాశం ఉన్నందున, రెండవ మారు కాలినపుడు రీవైండింగ్ ఖర్చును కొత్త పంపు ధరతో పోల్చి నిర్ణయించుకొనుట మంచిది. లో-వోల్టేజీ నిరంతరంగా ఉన్న పక్షంలో వినియోగదారులు 1912 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చును.