ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం

ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒకరి మీదే మొగ్గు చూపితే మన పెద్దవాళ్ళు అనే మాట ఇది. పిల్లల సంగతే కాదు, కోడళ్ళ దగ్గర, అల్లుళ్ళ దగ్గర, ఆఖరికి పండక్కి పెట్టే చీరల దగ్గర కూడా ఈ మాట వినపడుతూనే ఉంటుంది. ఈసారి ఈ సామెతకు సరిగ్గా సరిపోయే కథ ఒకటి చెప్తాను. జరిగింది మాత్రం మన దగ్గర కాదు. నూట పాతికేళ్ళ కిందట, అమెరికాలో, బేస్‌బాల్ ఆటలో.

ఆట తెలియకపోయినా ఏం ఫర్వాలేదండీ. మనకు క్రికెట్‌లో బౌలర్ ఎలాగో అక్కడ పిచర్ అలాగ. అప్పట్లో ఒక్కో జట్టు ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా దాదాపు రోజూ ఆడేది, సీజన్‌కి 154 ఆటలు. సొంత ఊళ్ళో సగం, పై ఊళ్ళలో సగం. టికెట్ల డబ్బులో వచ్చిన జట్టుకీ వాటా ఉండేది. ఈ వాటా సంగతి గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

క్లీవ్‌లాండ్ అనే ఊళ్ళో ‘స్పైడర్స్’ అని ఒక జట్టు ఉండేది. అంటే సాలీళ్ళు. ఫ్రాంక్ రాబిసన్, స్టాన్లీ రాబిసన్ అనే అన్నదమ్ములు దాని యజమానులు. ఫ్రాంక్‌కి ఊళ్ళో ట్రాముల వ్యాపారం ఉంది. 1891లో తన ట్రాము లైను పక్కనే మైదానం కట్టించాడు. ఆట చూడటానికి వచ్చేవాళ్ళు ట్రాము టికెట్ కూడా కొంటారు కదా, అదీ లెక్క. జట్టు కూడా మంచిదే. 1895లో టెంపుల్ కప్ గెలిచింది. సై యంగ్ అనే పిచర్ అందులోనే ఎదిగాడు. జీవితం మొత్తంలో అతను గెలిచిన ఆటలు 511, ఈ రోజుకీ ఆ లెక్క దాటినవాళ్ళు లేరు. ఇప్పటికీ ప్రతి ఏడూ ఉత్తమ పిచర్లకు ఇచ్చే అవార్డుకి అతని పేరే.

జట్టు బాగానే ఆడినా జనం అనుకున్నంతగా వచ్చేవాళ్ళు కాదు. పనివాళ్ళకు సెలవు దొరికేది ఆదివారం ఒక్కటే. ఆ ఆదివారమేమో క్లీవ్‌లాండ్‌లో ఆట నిషేధం. 1897లో పంతానికి పోయి ఆదివారం ఆడిస్తే పోలీసులు ఆటగాళ్ళను అరెస్టు చేశారు కూడా. రాబిసన్ సోదరులకు ఊరి మీద మనసు విరిగిపోయింది.

అదే సమయంలో సెయింట్ లూయిస్ జట్టు దివాలా తీసి వేలానికి వచ్చింది. పెద్ద ఊరు, ఆదివారం ఆటకు అడ్డు లేదు. 1899లో సీజన్ మొదలయ్యేలోపు అన్నదమ్ములు దాన్నీ సొంతం చేసుకున్నారు, క్లీవ్‌లాండ్‌ని మాత్రం వదులుకోలేదు. అప్పట్లో ఒకే యజమానికి ఒకే లీగ్‌లో రెండు జట్లు ఉండకూడదనే నియమం లేదు. ఇప్పుడు మన ఐపీఎల్‌లో ఒకరి చేతిలోనే రెండు జట్లు ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి.

అయ్యేదే అయింది. సై యంగ్, జెస్సీ బర్కెట్, బాబీ వాలెస్... క్లీవ్‌లాండ్‌లో మేలైనవాళ్ళందరినీ సెయింట్ లూయిస్‌కి తీసుకెళ్ళిపోయారు. అక్కడ పనికిరారనుకున్నవాళ్ళను ఇక్కడికి పంపించారు. కొత్త జట్టుకి పెట్టిన పేరు ‘పర్ఫెక్టోస్’. పాతదాన్ని తమ్ముడు స్టాన్లీకి అప్పగించారు. ఇక దాన్ని సైడ్ షో లాగా నడుపుతానని స్టాన్లీ పైకే చెప్పేశాడు. ఇంట్లో ఒక పిల్లాడి ముందే ‘నువ్వు లెక్కలో లేవురా’ అన్నట్టన్నమాట.

ఊరివాళ్ళకు అర్థం కాకుండా ఉంటుందా? మే 1న క్లీవ్‌లాండ్‌లో మొదటి ఆటకు వచ్చింది సుమారు 500 మంది. తర్వాత ఆ మాత్రం కూడా రాలేదు. సొంత ఊళ్ళో ఆడిన 42 ఆటలకూ కలిపి వచ్చినవాళ్ళు 6,088 మంది. ఆటకి 145 మంది చొప్పున. మన దగ్గర చిన్న పెళ్ళికి వచ్చే జనం కూడా అంతకంటే ఎక్కువే ఉంటారు.

దానితో ఇంకో చిక్కు వచ్చింది. పై ఊరి జట్లకు ఇక్కడ వచ్చే వాటా రైలు ఛార్జీలకు, హోటల్ ఖర్చులకు కూడా చాలేది కాదు. ‘మేము రాము, మీరే రండి’ అన్నారు. అలా స్పైడర్స్ మిగిలిన సీజన్‌లో ఎక్కువ భాగం రైళ్ళలో, హోటళ్ళలో, పరాయి మైదానాల్లో గడిపింది. మొత్తం 154 ఆటల్లో 112 బయటే. అందులో 101 ఓటములు. ఇప్పుడు ఒక జట్టు బయట ఆడేవే 81 ఆటలు కాబట్టి ఈ రికార్డు ఎవరూ అందుకోలేరు. పత్రికలు వీళ్ళను దేశదిమ్మరులని, బహిష్కృతులని రాసేవి. సొంత ఊరుండీ ఊరు లేనివాళ్ళు.

జూన్‌లో జరిగింది నాకు అన్నిటికన్నా బాధనిపించింది. ఆ మిగిలినవాళ్ళలో లేవ్ క్రాస్ అని మంచి ఆటగాడు ఒకడున్నాడు, మేనేజర్ కూడా అతనే. 38 ఆటల్లో 8 గెలిచారు. ఉన్నవాళ్ళతో అదే గొప్ప. యజమానులు అది చూసి అతన్ని కూడా సెయింట్ లూయిస్‌కి పిలిపించేసుకున్నారు. బాగా చేసినందుకు అక్కడ దక్కిన ఫలితం, అతనూ వెళ్ళిపోవడం. ఎండిపోతున్న మొక్కకు చివర మిగిలిన చిగురు కూడా తుంచినట్టు.

తర్వాత జో క్విన్ అనే ఆయన మేనేజరయ్యాడు. ఆస్ట్రేలియాలో పుట్టినవాడు. ఆటలు లేని నెలల్లో ఆయన చేసే పని ఏమిటో తెలుసా, శవాలకు అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారం. ఆయన చేతిలో జట్టు 12 గెలిచి 104 ఓడింది. జిమ్ హ్యూయీ అనే పిచర్ 4 గెలిచి 30 ఓడాడు. ముప్పై సార్లు ఓడినవాడు ముప్పై ఒకటోసారి మైదానంలోకి ఎలా దిగుతాడా అని నాకు ఆలోచన వచ్చింది. కానీ దిగాడు. ఆగస్టు చివర నుంచి వరసగా 24 ఆటలు ఓడారు. చివరి 41 ఆటల్లో గెలిచింది ఒక్కటి. అక్టోబర్ 15న సిన్సినాటిలో ఆఖరి ఆటకు పిచర్‌గా ఎవరిని దింపారంటే, హోటల్లో చుట్టలు అమ్మే దుకాణంలో పనిచేసే ఎడ్డీ కోల్బ్ అనే కుర్రాణ్ణి. 19–3తో ఓడిపోయారు.

మొత్తం లెక్క: 20 గెలుపులు, 134 ఓటములు. అగ్రశ్రేణి బేస్‌బాల్‌లో ఒక సీజన్‌కి ఇన్ని ఓటములు అంతకుముందూ లేవు, ఆ తర్వాతా లేవు. 2024లో చికాగో వైట్ సాక్స్ 121 ఓడితే లోకమంతా నవ్వింది. అదీ దీనికంటే 13 తక్కువే.

మరి ఇంత చేసి సెయింట్ లూయిస్‌కి ఒరిగిందేమిటి? ఐదో స్థానం. అంతకుముందు ఏడు 1898లో అవే మనుషులతో క్లీవ్‌లాండ్‌కి వచ్చింది కూడా ఐదో స్థానమే! ఒక ఇల్లు ఖాళీ చేసి ఇంకో ఇల్లు నింపితే రెండో ఇల్లు ఎక్కడుండేదో అక్కడే ఉంది, మొదటిది నేలమట్టమైంది.

అదే ఏడు బాల్టిమోర్ జట్టుకీ దాదాపు ఇలాగే జరిగింది. దానికీ బ్రూక్లిన్‌కీ యజమానులు ఒకటే. మంచి ఆటగాళ్ళను బ్రూక్లిన్‌కి తరలించారు, బ్రూక్లిన్ మొదటి స్థానంలో నిలిచింది. కానీ బాల్టిమోర్‌లో జాన్ మెగ్రా, విల్బర్ట్ రాబిన్సన్ అనే ఇద్దరు మాత్రం ‘మేము ఈ ఊరు వదలం’ అన్నారు. ఊళ్ళో వాళ్ళిద్దరికీ కలిపి ఒక కెఫే ఉండేది లెండి. ఆ ఇద్దరు ఉండిపోవడంతో ఆ జట్టు నాలుగో స్థానంలో నిలబడింది, పర్ఫెక్టోస్ కంటే పైన. ఇల్లు నిలబడటానికి ఒక్కోసారి ఉండిపోయే ఒకరిద్దరు చాలు. క్లీవ్‌లాండ్‌లో అలా ఉండిపోతానని అనే వీలున్నవాళ్ళెవరూ మిగల్లేదు.

సీజన్ అయ్యాక లీగ్ నాలుగు జట్లను ఎత్తేసింది. స్పైడర్స్ అందులో పోయింది. అంత బాగా ఆడిన బాల్టిమోర్ కూడా పోయింది. తర్వాత కాలంలో ఒకరికి రెండు జట్లు ఉండకూడదని నియమం వచ్చింది. క్లీవ్‌లాండ్‌కి 1901లో వేరే లీగ్ కింద కొత్త జట్టు వచ్చింది.

ఇక్కడితో కథ అయిపోతే నేనీ పోస్టు రాసేదాన్ని కాదేమో. ఫ్రాంక్ రాబిసన్‌కి హెలెన్ అని ఒక కూతురు. ఈ గొడవంతా జరిగేటప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు. ఫ్రాంక్ 1908లో పోయాడు, స్టాన్లీ 1911లో పోయాడు. సెయింట్ లూయిస్ జట్టుకి అప్పటికి కార్డినల్స్ అని పేరు మారింది. అందులో ఎక్కువ వాటా హెలెన్‌కి, మిగిలింది ఆమె తల్లికి వచ్చింది. పెద్ద బేస్‌బాల్ జట్టుకి యజమాని అయిన మొదటి స్త్రీ ఈ హెలెన్ బ్రిటన్. అప్పటికి అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల్లో ఆడవాళ్ళకు ఓటు హక్కే లేదు. ఇద్దరు పిల్లల తల్లి, ముప్పై రెండేళ్ళ వయసు. అమ్మేస్తే మంచిదని మగ యజమానులు చెప్పారు. ఆమె అమ్మలేదు. వాళ్ళ మీటింగులకు వెళ్ళి వాళ్ళ మధ్యే కూర్చుంది. ఆడవాళ్ళు మైదానానికి రావడానికి లేడీస్ డే పెట్టింది. ఆడది తనకు ఆట గురించి చెప్పడమేమిటని ఎగిరిన మేనేజర్ రోజర్ బ్రెస్నహాన్‌ని 1912లో తీసేసింది.

మరి ఆమె జట్టు గెలిచిందా అంటే, 1913లో 99 ఆటలు ఓడి ఆఖరి స్థానంలో నిలిచింది. కొత్త మేనేజర్ మిల్లర్ హగిన్స్‌కి అదే మొదటి ఏడు. హెలెన్ అతన్ని తీసెయ్యలేదు, ఇంకో అవకాశం ఇచ్చింది. మరుసటి ఏడు 81 గెలిచి మూడో స్థానం. ఆ లీగ్‌లోకి వచ్చాక ఆ జట్టు అంతకుముందెప్పుడూ అంత పైకి రాలేదు. తర్వాత భర్త నుంచి విడాకులు కోరుతూ, జట్టు అధ్యక్ష పదవి కూడా తనే తీసుకుని నడిపింది. 1917లో తనంతట తను అమ్మింది.

తండ్రీ బాబాయీ ఓడిపోతున్న జట్టు దగ్గర నుంచి ఉన్నది కూడా లాగేసుకున్నారు. కూతురు ఓడిన జట్టుకి ఇంకో ఏడాది గడువిచ్చింది. హెలెన్ స్పైడర్స్‌ని తలుచుకునే అలా చేసిందని నేననను, ఆమె మనసులో ఏముందో మనకేం తెలుసు. కానీ రెండు పద్ధతులూ ఒకే ఇంట్లోంచి వచ్చాయి, ఫలితాలు మన కళ్ళ ముందున్నాయి.

రికార్డు పుస్తకాల్లో 134 ఓటములూ స్పైడర్స్ పేరు మీదే ఉన్నాయి, 30 ఓటములు జిమ్ హ్యూయీ పేరు మీదున్నాయి. రాబిసన్ల పేరు ఆ గడిలో ఉండదు. మన చుట్టాల్లో కూడా ‘వాడు ఎందుకూ పనికిరాలేదు’ అని పేరు పడ్డవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు. వాడి వాటా ట్యూషన్ డబ్బులు ఎవరి చదువుకి వెళ్ళాయో, పెద్దదాని పెళ్ళి కోసం చిన్నదాని కాలేజీ ఎప్పుడు ఆగిందో ఆ మాటతో పాటు ఎవరూ చెప్పరు. మళ్ళీ ఎవరైనా ఆ మాట అన్నప్పుడు, ఆ లెక్క కూడా ఒకసారి అడిగి చూడండి.