నగీనా బాగ్‌లో కొంతసేపు

గోల్కొండ చూడవచ్చినవారు బాలాహిసార్ ద్వారం వద్ద చప్పట్ల ప్రతిధ్వని విని, నేరుగా శిఖరాన ఉన్న బారాదరికి మెట్లెక్కుతారు. దిగువనున్న నగీనా బాగ్ వద్ద ఆగేవారు తక్కువ. మేమూ తిరుగుదారిలో, నీడ కోసమే ఆగాము.

ఎనిమిది మాసాల ముట్టడి అనంతరం 1687 సెప్టెంబరులో అబ్దుల్లా ఖాన్ పానీ ద్రోహంతో కోట తలుపు తెరుచుకుంది. లోనికి చొరబడిన మొగలు సేనను అబ్దుల్ రజాక్ లారీ కొద్దిమందితో ఎదిరించాడు. ఒడలెల్లా గాయాలతో, ఈ తోట చేరువలో ఒక కొబ్బరిచెట్టు ఆసరాగా గుర్రం దిగి కూలబడ్డాడు. గాయాలు సుమారు 70 అని ఖాఫీ ఖాన్ లెక్క. ఔరంగజేబు వైద్యులను పంపాడు, కోలుకున్నాక కొలువుకు రమ్మన్నాడు. తానీషా ఉప్పు తిన్నవాడినని లారీ మొదట నిరాకరించాడు, పిమ్మట అంగీకరించాడు. ఆ రెండవ నిర్ణయాన్ని చరిత్రకారులు ఒక్క వాక్యంలో దాటవేస్తారు. ప్రభుత్వోద్యోగినైన నేను ఆ తోటలో ఎక్కువసేపు ఆలోచించింది దానిని గురించే. అప్పటికి తానీషా దౌలతాబాదు కోటలో బందీ.