మన ఊరి తెల్ల జాగిలము

2005వ సంవత్సరము జనవరి 9వ తేదీన భారత తపాలా శాఖవారు స్వదేశీయములైన నాలుగు కుక్కజాతుల బొమ్మలతో నాలుగు తపాలా బిళ్ళలను వెలువరించిరి. హిమాలయ ప్రాంతపు గొర్రెల కాపరికుక్క, రాంపూరు వేటకుక్క, ముధోలు వేటకుక్క అను మూటితోపాటు నాల్గవది మన రాజపాళయపు తెల్ల జాగిలము. అప్పుడు నేనొక నూలుమిల్లు కార్యాలయమున గుమాస్తాగా నుంటిని. వచ్చిన కవరులను విప్పి, తేదీముద్ర వైచి, పుస్తకమున నెక్కించుట నా పని. ఒకనాడు ఆ బిళ్ళ అంటించిన కవరొకటి నా బల్లమీదికి వచ్చినది. బిళ్ళయున్న మూలను కత్తిరించి, నీటిలో నానవైచి, ఊడదీసి, ఆరబెట్టి దాచుకొంటిని. నేటికిని అది నా పెట్టెలో నున్నది. మన ఊరు నూలువలనను, మామిడిపండ్లవలనను, 1949 మొదలు 1952 వరకు మదరాసు ముఖ్యమంత్రిగా నుండిన పి. ఎస్. కుమారస్వామి రాజాగారివలనను పేరుగన్నదని మనము చెప్పుకొందుము. వాస్తవమే. కాని ఈ మూడింటిని ఎరుగని దూరదేశములవారు సైతము, కుక్కలను గూర్చి తెలిసినవారైనచో, మన ఊరి పేరు నెరుగుదురు.

మానవుని నడవడికయు, జంతువుల నడవడికయు తరతరములుగా ఎట్లు మారుచు వచ్చినవో తెలుపు గ్రంథములు కొన్ని నేను పని విరమించిన పిమ్మట చదివితిని. నాది ఎస్.ఎస్.ఎల్.సి. చదువు, శాస్త్రజ్ఞుడను కాను. అయినను ఆ గ్రంథములలోని మాటలు బాల్యమున మా ఇంటి పెరటిలో నేను చూచినదానితో అచ్చటచ్చట కలిసినవి. అందుచేతనే ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

విజయనగర ప్రభువుల కాలమునుండి దక్షిణమునకు తరలివచ్చిన తెలుగువారిలో మన ఊరి రాజులు ఒక శాఖ. పళయపాళయము, పుదుప్పాళయము అను రెండు భాగములుగా ఊరు పెరిగినది. పడమట సహ్యాద్రి, ఆ అడవులలో ఏనుగులు, దుప్పులు, అడవిపందులు. కొండయడుగున పొలములు, తోటలు. ఒక్క రాత్రి పందులమంద దిగినచో ఆరునెలల కష్టము మట్టిపాలగును. అట్టి చోట సేద్యము చేయువానికి కాపలాకును, పందిని తరిమి నిలువరించుటకును కుక్క కావలసివచ్చినది. పొడుగు కాళ్ళు, లోతైన రొమ్ము, సన్నని నడుము, పాలవంటి తెలుపు, గులాబిరంగు ముక్కు గల ఈ జాతి మన పెద్దల చేతిలో ఆ విధముగా రూపుదిద్దుకొన్నది. తెలుగున జాగిలమను మాట వేటకుక్కకే చెల్లును. వీధికుక్కను ఎవరును జాగిలమనరు. మన చుట్టుపట్ల కన్ని, చిప్పిపారై, కొంబై అను జాతులును కలవు. వాని పెంపకపు కథ వేరు.

పాళెగాండ్ర యుద్ధములలో ఈ కుక్కలు తెల్లవారి గుఱ్ఱపుసాలలపై బడి గుఱ్ఱములను చీల్చినవని ఒక కథ మనలో ప్రచారమున నున్నది. మా తాతగారు దీనిని చెప్పునప్పుడు కుక్కల సంఖ్య ఏటేట పెరుగుచుండెడిది. గుమాస్తాగా నాకొక అలవాటు గలదు. ఓచరు లేని పద్దును నేను ఖర్చు పుస్తకమున నెక్కింపను. కథను కథగా విందము.

ఓచరు గల పద్దు ఒకటి కలదు. అది మన కథకంటె చాల పాతది. కుక్క తోడేలునుండి పుట్టినది. జర్మనీ దేశమున బాన్ నగరము చెంత ఓబర్‌కాసెల్ అనుచోట 1914లో ఒక గోరీ బయటపడినది. సుమారు 14,000 సంవత్సరముల నాటిది. అందొక పురుషుడు, ఒక స్త్రీ, వారితో ఒక కుక్కపిల్ల. ఆ పిల్ల పండ్లను పరీక్షించినవారు 2018లో చెప్పిన మాట వినదగినది. అది బ్రతికియుండగా వారములకొలది తీవ్రమైన జబ్బుతో బాధపడినదట. ఒకరు కనిపెట్టి నీరు, ఆహారము అందింపనిచో అన్నిదినములు బ్రతికియుండదని వారి అభిప్రాయము. వేటకు పనికిరాని రోగిష్ఠి పిల్లను, వ్యవసాయమే ఎరుగని ఆ కాలపు మనుష్యులు ఏల సాకిరి? ఈ ప్రశ్నకు మరల వచ్చెదను. మన దేశమున కాశ్మీరములోని బుర్జహోమ్ అనుచోటను, నవీన శిలాయుగపు గోరీలలో మనుష్యులతోపాటు కుక్కలను పూడ్చిన జాడలు దొరకినవి.

మనవారికి జంతువుల నడవడికను పరికించు కన్ను లేకపోలేదు. నన్నయభట్టు తెలుగు భారతమున ఆదిపర్వపు మొదటనే సరమ కథ గలదు. ఏ తప్పును చేయని తన బిడ్డను జనమేజయుని తమ్ములు కొట్టిరని దేవశుని రాజునే నిలదీసినది. కుక్క వచ్చి న్యాయమడుగుటతో మొదలై, ధర్మరాజు వెంట కుక్క నడచుటతో ముగియవచ్చుచున్న ఇతిహాసము మనది. మనకు సుమారు 11 కిలోమీటర్ల దూరమున నున్న శ్రీవిల్లిపుత్తూరునే కథాస్థలముగ గైకొని కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రచించెను. అందు వేకువను కాలువలో రెక్కలసందున తలలు దూర్చి నిద్రించు బాతులను చూచి, బ్రాహ్మణులు మరచిపోయిన తడిబట్టల ముద్దలని కావలివారు భ్రమపడి దిగుట, అవి లేచి పరుగెత్తుట పాఠకులలో పెక్కుర కెరుకయే. 1999లో కొందరు శాస్త్రజ్ఞులు బాతులు నిద్రించు విధమును పరిశీలించి, గుంపు అంచున నున్న బాతు ఒక కన్ను తెరచి, సగము మెదడుతో మాత్రమే నిద్రించుననియు, ఆ తెరచిన కన్ను శత్రువు రాగల దిక్కునకే ఉండుననియు కనుగొనిరి. రాయలవారి బాతులు కావలివారి చేతికి ఏల చిక్కలేదో ఇప్పుడు తెలియుచున్నది.

తోడేలు ఎట్లు కుక్క యయ్యెను? దీనికి సమాధానము వెదకుటకు 1959లో సోవియట్ దేశమున బెల్యాయెవ్ అను పండితుడు నోవొసిబీర్స్కున నక్కలపై ఒక ప్రయోగము నారంభించెను. ల్యుద్మీలా త్రూత్ అను ఆమె దానిని 2024లో కన్నుమూయువరకు నడపినది. చర్మములకై పెంచుచున్న నక్కలలో, మనిషిని చూచి కరవనివానిని, బెదరనివానిని మాత్రమే ఏరి, వానికే సంతతి కలుగునట్లు చేసిరి. రంగు చూడలేదు, రూపము చూడలేదు, సాధుత్వమొక్కటే చూచిరి. ఆరవ తరమునకు మనిషికై తహతహలాడుచు, మూలుగుచు, చేయి నాకు నక్కలు పుట్టసాగినవి. పదవ తరమున అట్టివి నూటికి 18. ఇరువదవ తరమున 35. వింత యేమన, ఎవరును కోరకయే కొన్నింటి చెవులు వ్రేలాడెను, తోకలు చుట్టుకొనెను, నొసట తెల్లని మచ్చ పుట్టెను. ఆ నక్కల పూర్వులు కెనడా దేశపు పెంపకశాలలనుండి వచ్చినవేయనియు, ఈ లక్షణములలో కొన్ని అచ్చటనే యుండెననియు 2019లో కొందరు ఆక్షేపించిరి. ఆక్షేపణ సబబే. కాని గుణమునకును రంగునకును లోపల ఏదో లంకె యున్నదను మాటను అది పూర్తిగా కొట్టివేయదు.

ఆ లంకెను గూర్చి 2014లో ముగ్గురు పండితులు ఒక ఊహ ప్రకటించిరి. గర్భస్థ పిండము వెన్నుపొడవున ఒకరకపు కణములు పుట్టి దేహమంతట ప్రాకును. చర్మమునకు రంగునిచ్చు కణములు వానినుండి వచ్చినవే. భయము, కోపము కలిగినప్పుడు రక్తములోనికి రసమును వదలు గ్రంథిలోని భాగమును వానిదే. సాధుత్వమును కోరి ఏరినచో ఆ కణములు తగ్గును. వానితో రంగును తగ్గును.

ఇక నా మాట. నీలికన్నులు గల పిల్లులు చెవిటివని డార్విన్ 1859లోనే తన గ్రంథమున వ్రాసెను. మన తెల్ల జాగిలములలోను చెవిటిపిల్లలు పుట్టుట మన పెంపకందారుల కందరకు తెలిసినదే. కారణమిది: లోపలిచెవిలోను ఆ రంగుకణములే యుండవలెను. అవి లేనిచో శబ్దమును పట్టు సన్నని కేశములవంటి కణములు, పిల్ల పుట్టిన మూడు నాలుగు వారములలో నశించును. పిల్ల చెవులు తెరచుకొనునదే రెండు వారములకు. తెరచుకొని కొలదిదినములలోనే మూసుకొన్నట్లగును.

1971లో, నాకు పదేండ్ల వయసున, మా ఇంట ఏడు పిల్లలు పుట్టినవి. నెలదాటగానే మా తాతగారు పిల్లల వెనుక నిలిచి ఇత్తడి చెంబును గరిటెతో మ్రోగించిరి. ఆరు పిల్లలు తలత్రిప్పినవి. ఏడవది మట్టిని మూచూచుచు నుండెను. తాతగారు మాటలాడక పాలేరును కన్నులతో పిలిచిరి. దాని అర్థము నాకు తెలియును. అట్టి పిల్లలను ఉంచుట ఆ దినములలో లేదు. చెవిటికుక్క కాపలాకు రాదు, వేటకు రాదు, వెనుకనుండి తాకిన ఉలికిపడి కరచును అని చెప్పెడివారు. మా అమ్మ వంటింటి గడపమీద నిలిచి, ఎన్నడును మామగారి ఎదుట మాటలాడనిది, "చెవులు లేకపోతే ఏమి మామయ్యా, కళ్ళున్నాయి గదా" అన్నది. తాతగారు చెంబును క్రిందపెట్టి వీధిలోనికి పోయిరి. పాలేరును వెనుదిరిగెను. అంతే.

దానికి ముత్యమని పేరు పెట్టితిమి. పేరు మాకే గాని దానికి కాదు. అమ్మ అరచేయి చూపిన నిలుచును. వ్రేలు చూపిన ఆ వైపునకు పోవును. చేయి గుండెకు తాకించిన వచ్చును. రాత్రివేళ ఎవరు గోడదాటినను నేలయదురునుబట్టి మిగిలినవానికంటె ముందుగానే లేచెడిది. మిగిలిన ఆరింటిని తిట్టుటయు, బుజ్జగించుటయు తెలుగునను, వీధివారి నదలించుటకు అరవమునను జరుగుచుండగా ఇది ఒక్కటే ఈ రెండుభాషల గొడవలేక బ్రతికినది. మా అమ్మ సైగలు మా ఇంట మూడవ భాష యయ్యెను. చివరకు తాతగారు సైతము, ఎవరును చూడనప్పుడు, ఆ భాష మాటలాడుట నేను చూచితిని.

బ్రయన్ హేర్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును 2002లో చేసిన పరీక్షను గూర్చి చదివినప్పుడు ముత్యము జ్ఞప్తికి వచ్చినది. రెండు పాత్రలలో ఒకదానిక్రింద ఆహారము దాచి, మనిషి వ్రేలితోనో చూపుతోనో దానిని సూచించును. మనకు దగ్గరి చుట్టమైన చింపాంజీ ఆ సూచనను సరిగా గ్రహింపజాలదు. మనిషి చేత పెరిగిన తోడేలును కుక్కంత బాగుగా గ్రహింపలేదు. వారముల పసికుక్క గ్రహించును. దీనిలో ఎంత పుట్టుక, ఎంత పెంపకము అను వాదము ఇంకను సాగుచున్నది. 2015లో జపానువారు యజమానియు కుక్కయు ఒకరి కన్నులలోనికి ఒకరు చూచుకొన్నప్పుడు, తల్లికి బిడ్డపై మమకారము పొంగించు రసమే ఇరువురి దేహములలోను పెరుగునని తెలిపిరి. 2019లో ఇంకొకరు కనుబొమ లోపలికొనను పైకెత్తు కండరము కుక్కలకు బలముగా నున్నదనియు, తోడేళ్ళకు దాదాపు లేదనియు కనుగొనిరి. తినునప్పుడు మన వైపు అట్లు చూచి మన విస్తరిలో పాలు పంచుకొనుట అది ఊరక నేర్చినది కాదు. తిండిలోను మార్పు వచ్చినది. పిండిపదార్థమును అరిగించు జన్యువు తోడేలునకు రెండు ప్రతులుండగా, కుక్కలకు తరచు అంతకు పెక్కురెట్లు గలవని 2013లో తేలినది. మన జాగిలములు గంజియు, పెరుగన్నమును తిని పందిని తరుముటకు కారణము ఇదియే.

మార్పు కుక్కకే కాదు. పసితనము దాటినను పాలు అరిగించుకొను శక్తి, పశువులను సాకిన జాతులలోనే ప్రబలినది. మన ఎముకలలోను, రక్తములోను పశువులమంద జాడ యున్నది. అట్లే రోగిష్ఠి కుక్కపిల్లను సాకిన ఓబర్‌కాసెల్ మనిషిని కుక్కయే కొంత తీర్చినదేమో యని నాకు తోచుచుండును. ఇది నా ఊహ, శాస్త్రము కాదు.

నేడు స్థితి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేట మానినది. మన కొండ 1988లో నెరయుడుత అభయారణ్యమును, 2021లో శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల అభయారణ్యమును అయ్యెను. ఇది మంచిదే. కాని పరుగెత్తుటకై తరతరములుగా ఏర్చి పెంచిన దేహము, వేటకై మలచిన మనసు, ఇరువది అడుగుల వరండాలో గొలుసుకు కట్టబడి యుండును. పొరుగువారు దానిని కోపిష్ఠి యందురు. 2020 ఆగస్టు 30వ తేదీన ప్రధానమంత్రి ఆకాశవాణి ప్రసంగమున స్వదేశీ జాతులతోపాటు దీని పేరు నెత్తినప్పుడు మనమెల్లరము సంతోషించితిమి. కొనువారు పెరిగిరి, తెలుపును ఇంకను తెల్లగా కోరుచున్నారు. ఇక్కడనే నాకు భయము. డాల్మేషియను అను పరదేశపు తెల్లజాతిలో నూటికి సుమారు 30 పిల్లలకు ఒక చెవియో, రెండు చెవులో వినబడవని అమెరికాలో లెక్కతేల్చిరి. రెండు చెవులు పోయిన పిల్లను చెంబు పట్టియిచ్చును. ఒక చెవి పోయినది చెంబుకు తలత్రిప్పును. మంచిదని ఎంచి దానికి సంతతి కలిగింతుము. లోపము తరువాతి తరమునకు దిగును. పట్టణములలో చెవికి యంత్రపరీక్ష చేయు పశువైద్యులు కలరు. జోడు కట్టకముందు ఆ పరీక్ష చేయించుట చెంబుకంటె కొంచెము ఖర్చే, అయినను చేయింపవలెను.

గతసంవత్సరము మా వీధి కుఱ్ఱవాడొకడు తనయింట పుట్టిన ఆరు పిల్లలను చూపుటకు నన్ను పిలిచెను. నేను చెంబు తీసికొనిపోతిని. అయిదు తలత్రిప్పినవి. "దీన్ని ఏం చేయమంటారు పెద్దయ్యా, కొనేవాళ్ళు తీసుకోరు" అని అతడడిగెను. దీనికి జోడు కట్టవలదని మాత్రము చెప్పి, పిల్లను తువాలులో చుట్టి తెచ్చితిని. నా భార్య ఇప్పుడు దానికి రెండుపూటల పెరుగన్నము పెట్టుచున్నది. అరచేయి చూపిన నిలుచుట నేర్చినది. గుండెకు తాకించిన వచ్చుట ఇంకను నేర్చుచున్నది.