అమృతాంజనం, తొట్టి స్నానం, నాలుగు చాయ్‌లు

మాసబ్ ట్యాంకులో ట్యాంకు ఉండదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఏ వాటర్ ట్యాంకో కనిపిస్తుందని తల పైకెత్తి వెతుకుతారు గానీ, అది ఒకప్పటి చెరువు. కుతుబ్‌షాహీల కాలంలో 'మా సాహెబా' అని పిలుచుకున్న రాజమాత పేరు దానికి పెట్టారు. చెరువు పోయి చాచా నెహ్రూ పార్కు మిగిలింది. పేరు నలిగి నలిగి మాసబ్ ట్యాంకయ్యింది. 2005లో ఆ పార్కుకి దగ్గర్లో నలుగురం కలిసి ఒక రూములో ఉండేవాళ్ళం. పొద్దున్నే లక్డీకాపూల్ దాకా నడిచి, ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీకి పోవడం. బేగంపేట దాటగానే ఒక చిన్న స్టేషను వస్తుంది, నేచర్ క్యూర్ హాస్పిటల్ అని. రోజూ సరిగ్గా ఆ బోర్డు దగ్గరికి వచ్చేసరికి నేను చేసే పనేంటంటే, బిస్కెట్ ప్యాకెట్ విప్పడం :)

ఆ బోర్డు వెనకాల ఏముందో పట్టించుకోవడానికి నాకు ఐదేళ్ళు పట్టింది. అది కూడా నడుం పట్టేశాక. కుర్చీలోంచి లేవాలంటే టేబుల్ పట్టుకోవాలి, షూ లేసు కట్టుకోవాలంటే ముహూర్తం చూసుకోవాలి. డాక్టరు ఎమ్మారై చూసి "ఆపరేషన్ అక్కర్లేదు, బరువు తగ్గు, నడువు" అన్నాడు. అంతకు మించి ఏదో చెప్తాడని ఆశపడ్డ నాకు కాస్త నిరాశ కలిగిన మాట నిజం. అప్పుడే కూర్చుని నా చక్కెర లెక్క వేశాను. రోజుకి నాలుగు చాయ్‌లు, ఒక్కోదానికి రెండు స్పూన్లు, స్పూనుకి ఐదు గ్రాములు. అంటే 40 గ్రాములు. సాయంత్రం ఒక కూల్‌డ్రింకు తాగితే, 300 మిల్లీలీటర్లకే ఇంకో 30 గ్రాములు. బిస్కెట్లు లెక్కలో లేవు. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకి 20-25 గ్రాములకు మించొద్దంది. నేనప్పట్లో దానికి మూడింతలు తింటున్నానన్న మాట. ఇరానీ హోటల్లో "చక్కెర తక్కువ" అని అడిగే వీలు కూడా చాలా చోట్ల ఉండదు, ముందే కలిపేసి ఉంటుంది.

సరే, నొప్పి వచ్చినవాడికి చరిత్ర మీద ఆసక్తి పుడుతుందని ఎక్కడా రాసిలేదు గానీ, నాకు పుట్టింది.

నొప్పికి తెలుగువాళ్ళు ఇచ్చిన జవాబుల్లో రెండు సరిగ్గా ఒక ఏడాది తేడాలో మొదలయ్యాయి. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు అమృతాంజనం మొదలెట్టారు. కృష్ణా జిల్లా యలకుర్రులో పుట్టిన మనిషి. ఆ తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి వచ్చాయి. అంటే మన పత్రికా ప్రపంచంలో సగం జనాల నుదుటి మీద రుద్దిన పసుపుపచ్చ మందు లోంచి పుట్టిందన్న మాట. ఇవాళ్టి సీసా మీద చూస్తే కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం, గంధపూర తైలం ఉంటాయి. గంధపూర తైలంలో ఉండేది మిథైల్ సాలిసిలేట్, ఆస్పిరిన్‌కి దగ్గర చుట్టం. ఆస్పిరిన్‌ని బేయర్ కంపెనీలో తయారుచేసింది 1897లో. అమృతాంజనం పుట్టిన నాలుగేళ్ళకి.

రెండో జవాబు 1894లో. లైప్జిగ్‌లో లూయీ కూనే అని ఒకాయన ఉండేవాడు. డాక్టరు కాదు, చెక్కపని చేసే మనిషి. సొంత జబ్బుకి వైద్యం కుదరక నీళ్ళ చికిత్స పట్టుకున్నాడు, 1883లో తన వైద్యశాల తెరిచాడు. ఆయన రాసిన పెద్ద పుస్తకాన్ని ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ 1894లోనే తెలుగు చేశారు. హిందీ, ఉర్దూల్లోకి అది వెళ్ళింది 1904లో. మనం ఇంకా పదేళ్ళు ముందు! కూనే అప్పటికి బతికే ఉన్నాడు. ఈ రోజుల్లో ఏదైనా కొత్త ఫ్రేమ్‌వర్క్ వస్తే మనవాళ్ళు అమీర్‌పేటలో వారంలో కోర్సు పెట్టేస్తారు కదా, ఆ లక్షణం ఇప్పటిది కాదు.

కూనే సిద్ధాంతం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. జబ్బులు వంద కాదు, ఒక్కటే. పొట్టలో పేరుకునే మలినపదార్థమే అన్నిటికీ మూలం. కీళ్ళనొప్పులైనా, జ్వరమైనా, ఇంకేదైనా సరే. కాబట్టి మందు కూడా ఒక్కటే: తొట్టి స్నానాలు, మాంసం లేని తిండి, ఉప్పు బంద్, చక్కెర బంద్. ప్రతి బగ్గుకీ ఒకే రూట్ కాజ్ చెప్పే సీనియర్లు మనందరికీ తెలుసు. కూనే ఆ బాపతు.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. కూనే చక్కెర వద్దన్న రోజుల్లో మన పల్లెల్లో తెల్ల చక్కెర ఎవరు తిన్నారు గనక? ఇంట్లో ఉండేది బెల్లం. అదీ పండక్కో, చుట్టాలొస్తేనో. చక్కెర అన్న మాట 'శర్కర' నుంచి వచ్చింది, ఇంగ్లీషువాడి షుగరూ దాని మనవడే. కానీ మాట మనదైనంత మాత్రాన సరుకు మన వంటింట్లో ఉన్నట్టు కాదు. అది నిజంగా వంటింట్లోకి వచ్చింది 1930లలో. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం జావా చక్కెర మీద సుంకం వేసి ఇక్కడి మిల్లులకి రక్షణ ఇచ్చింది. దేశం మొత్తం మీద ముప్పై చిల్లర ఉన్న మిల్లులు నాలుగైదేళ్ళలో వంద దాటాయి. విశాఖ జిల్లా ఏటికొప్పాకలో 1933లో రైతులు సహకార సంఘం పెట్టుకున్నారు. నిజాం రాజ్యంలో 1931కి నిజాంసాగర్ పూర్తయ్యింది, నీళ్ళొచ్చాయి, చెరుకొచ్చింది. 1937లో బోధన్ దగ్గర నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. చుట్టూ వెలిసిన ఊరికి పేరే శక్కర్‌నగర్. సొంతంగా వేల ఎకరాల చెరుకు తోటలు, ఆసియాలోకెల్లా పెద్దదని పేరు. 2002లో ప్రైవేటు చేతికి మెజారిటీ వాటా పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. అక్కడ పనిచేసినవాళ్ళ పిల్లలు నా టీములోనే ఇద్దరున్నారు. ఆ సైరన్ గురించి వాళ్ళు చెప్తుంటే వినాలి.

ఇంకో సంగతి. పంజాగుట్టలో నిమ్స్ ఉంది కదా, అది 1960లలో నిజాం ట్రస్టు పెట్టిన ఎముకల ఆస్పత్రిగా మొదలయ్యింది. చక్కెర ఫ్యాక్టరీ, మోకాళ్ళ ఆస్పత్రి, రెండూ ఒకే నిజాం ఖాతాలోవి. ఒకదానికోసం ఇంకోటి కట్టలేదు లెండి, అయినా పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా నాకది గుర్తొస్తుంది.

ఆ నిమ్స్ నుంచి కాస్త ముందుకెళితే అమీర్‌పేట. అక్కడ 1949లో, పోలీస్ యాక్షన్ జరిగిన మరుసటి ఏడాది, డాక్టర్ బి. వెంకట్రావు, ఆయన భార్య డాక్టర్ విజయలక్ష్మి ప్రకృతి వైద్యశాల పెట్టారు. నా రైలు స్టేషనుకి పేరిచ్చింది అదే. తర్వాత దానికి అనుబంధంగా గాంధీ పేరుతో కాలేజీ కూడా వచ్చింది. అటు భీమవరంలో వేగిరాజు కృష్ణంరాజు గారు ఇదే పని చేశారు. 2000ల్లో అయితే మంతెన సత్యనారాయణ రాజు గారు టీవీలో ఉప్పు, నూనె, పంచదార లేని వంటలు చెప్తుంటే మా అమ్మ నోట్సు రాసుకునేది. (వంట మాత్రం మామూలుగానే చేసేది.) మధ్యలో గాంధీగారి ప్రభావం పెద్దది. కూనే తొట్టి స్నానాలు ఆయన తన మీద, ఇంట్లోవాళ్ళ మీద ప్రయోగించాడు. 1934లో పెట్టిన గ్రామ పరిశ్రమల సంఘం మిల్లు చక్కెరకి బదులు బెల్లం వాడమని ప్రచారం చేసింది. అందులో ఆరోగ్యం ఎంత ఉందో, పల్లె ఆర్థికం అంత ఉంది. ఆ రెండో ముక్క మనం మర్చిపోయి 'బెల్లం మంచిది' అన్నది మాత్రం గుర్తుపెట్టుకున్నాం. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. ఆర్గానిక్ అని రాసి మూడింతల రేటు పెట్టినా చక్కెరే.

ఇంతకీ ప్రకృతి వైద్యులు చెప్పింది కరెక్టా, కాదా?

చక్కెర విషయంలో, అప్పటి పెద్ద డాక్టర్లకన్నా వాళ్ళే నయం అని నేనంటాను. 1967లో అమెరికా చక్కెర పరిశ్రమ హార్వర్డ్ శాస్త్రజ్ఞులకి 6,500 డాలర్లిచ్చి, గుండెజబ్బుల్లో తప్పు కొవ్వు మీదకి తోసే వ్యాసం పేరున్న వైద్య పత్రికలో రాయించుకుంది. పాత ఉత్తరాలు తవ్వి ఈ సంగతి బయటపెట్టింది 2016లో. 1972లో జాన్ యుడ్‌కిన్ అనే ఇంగ్లీషు ప్రొఫెసరు చక్కెర మీద పుస్తకం రాస్తే ఆయన్ని ఎగతాళి చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు కేలరీల్లో 10 శాతం లోపే, వీలైతే 5 శాతం లోపే అని గట్టిగా చెప్పేసరికి 2015 అయ్యింది. అప్పటిదాకా అమీర్‌పేటలో ఆ మాట చెప్తూనే ఉన్నారు.

కానీ వాళ్ళు చెప్పిన కారణం తప్పు. పొట్టలో మలినం లాంటిదేదీ లేదు. మన భాషలో చెప్పాలంటే ఫిక్స్ పనిచేసింది, ఆర్‌సీఏ తప్పు. పనిచేసింది కదా, కారణంతో పనేముంది అంటారా? ప్రొడక్షన్ సపోర్టులో ఒక్క ఏడాది చేసినవాడెవడూ ఆ మాట అనడు. కారణం తప్పయితే అదే ఫిక్సుని తీసుకెళ్ళి వేరే బగ్గు మీద వేస్తాం.

మా బాబాయి సంగతి అదే. తణుకు దగ్గర పల్లెటూరు, చెరుకు రైతు. షుగర్ ఫ్యాక్టరీకి చెరుకు తోలినవాడికి షుగర్ వచ్చిందని ఊళ్ళో ఆయన మీద జోకులుండేవి. మనవాళ్ళు మధుమేహానికి 'షుగర్' అని పేరు పెట్టడంలోనే సగం ప్రమాదం ఉంది. ఒక ప్రకృతి శిబిరానికి వెళ్ళాడు (ఊరూ పేరూ అనవసరం), రెండు వారాలు ఉపవాసాలు, పళ్ళరసాలు, మట్టి పట్టీలు. మోకాళ్ళ నొప్పులు తగ్గాయి, రీడింగులు బాగా దిగాయి. మాత్రలు మానేశాడు. నేను ఫోన్ చేస్తే ఒకటే మాట.

"పంచదార ముట్టుకోనప్పుడు షుగరెక్కణ్ణుంచి వస్తుందిరా?"

"బాబాయ్, అన్నం కూడా లోపల చక్కెరే అవుతుంది. అసలు గొడవ ఇన్సులిన్‌తో."

"నువ్వు కంప్యూటర్ చదివావా, డాక్టరీ చదివావా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. నాలుగు నెలల తర్వాత కాలికి చిన్న పుండు. స్పర్శ తెలియక చెప్పులోనే పెట్టుకుని తిరిగాడు. చివరికి రెండు వేళ్ళు తీసేశారు. అంత జరిగినా, మోకాళ్ళ నొప్పులు తగ్గిన మాట అబద్ధం కాదు. ఏడు కిలోలు తగ్గాడు మరి. బరువు ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో ఒక అమెరికా అధ్యయనం లెక్కగట్టింది. మోకాళ్ళని బాగుచేసింది ఆ ఏడు కిలోలు, మట్టి పట్టీ కాదు. ఆయన మాత్రం మట్టి పట్టీ అనే అనుకున్నాడు, దాన్నే కాలి పుండు మీద కూడా వేసుకున్నాడు.

నా సంగతి చెప్పి ముగిస్తాను. చాయ్‌లో చక్కెర ఒక్కసారిగా మానలేదు, రెండు స్పూన్ల నుంచి అర స్పూనుకి దిగడానికి మూడు నెలలు పట్టింది. మొదటి వారం సాయంత్రం నాలుగింటికి ఎవరి మీద పడితే వాళ్ళ మీద అరిచాను. దీన్ని వ్యసనం అనొచ్చా అంటే, మానసిక వైద్యుల డీఎస్ఎం పుస్తకంలో చక్కెర వ్యసనం అనే జబ్బు లేదు. ఆ వారం నా పక్క సీటులో కూర్చున్నవాణ్ణి అడిగితే మాత్రం వేరేగా చెప్తాడు. చక్కెర మానడం వల్లే నడుం నొప్పి పోయిందా? అలా అనలేను. ఆరు కిలోలు తగ్గాను, రోజూ నలభై నిమిషాలు నడిచాను, ఫిజియో చెప్పిన వ్యాయామాలు చేశాను. అన్నీ ఒకేసారి డిప్లాయ్ చేశాక దేనివల్ల బాగయ్యిందో ఎవడు చెప్పగలడు? 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుం నొప్పికి వ్యాయామం చేయమంది, నల్లమందు జాతి మాత్రలు వద్దంది. అమ్మ మాత్రం వావిలాకు మరిగించి కాపడం పెట్టేది, ఆముదం రాసి జిల్లేడాకు వెచ్చచేసి కట్టేది. ఆ వేడికి అరగంట సుఖంగా ఉండేది, లేచి నడవడానికి ఆ అరగంట చాలు. మన మిరపకాయలోని మంట నరానికి ఎలా తెలుస్తుందో కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. ఆ మంట పట్టే పదార్థంతోనే నొప్పులకి పూతమందు కూడా అమ్ముతారు. కాబట్టి అమ్మ వైద్యాన్ని నేను వెక్కిరించను. బాబాయి మాత్రలు మాత్రం ప్రతి నెలా నేనే ఆర్డర్ పెడుతున్నాను.

మొన్న సంక్రాంతికి ఆయన మా ఇంటికొచ్చాడు. పొద్దున్నే ఇన్సులిన్ పొడుచుకుని, తర్వాత పొట్ట మీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నాడు. రెండూ కావాలంట. మధ్యాహ్నం అరిసెల డబ్బా ఎక్కడుందని మా ఆవిడని మెల్లగా అడుగుతున్నాడు.

"బెల్లంతో చేసినవే కదమ్మా?"