చెన్నపట్నం సాక్ష్యం పళవేర్కాడులో ఉంది

ఆగస్టు 22 వచ్చిందంటే మద్రాసు పుట్టినరోజని జార్జిటౌను వీధుల్లో జనం గుంపులుగా తిరుగుతారు. పాడి దాటి మన అంబత్తూరు వైపు ఎవరూ రారు. పక్కనున్న పూనమల్లి సంగతి సరేసరి. అక్కడినుంచి వ్యవహారం నడిపిన దామెర్ల అయ్యప్ప నాయకుణ్ణి తలుచుకునే నాథుడే లేడు.

తేదీ మీద తగవు పాతదే. అయ్యప్ప సోదరుడు దామెర్ల వెంకటాద్రి ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన మద్రాసు పట్టా నకళ్లలో 1639 జూలై 22 అని ఉంది. దాన్ని పుచ్చుకున్న కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే ఇక్కడికి చేరిందే జూలై 27న. రాకముందే పట్టా ఎలా పుచ్చుకుంటాడు? కాబట్టి ఆగస్టే సరి.

నా పేచీ డే దొరకు వేసే పెద్దపీట మీద. శాంథోములో ప్రియురాలు ఉంది గనక ఇక్కడ దిగాడనేది కాలక్షేపం కబురు. తీరమంతా చూసి ఈ ఇసుకదిబ్బను తానే ఎంచుకున్నాడనేది సగం నిజం. మిగతా సగం దామెర్ల అంకభూపాలుడి 'ఉషాపరిణయము'లో ఉంది. ప్రళయకావేరికీ మైలాపురానికీ నడుమ జరిగే కొట్లాటలు ఆపడానికి తన అన్న అయ్యప్ప, తండ్రి చెన్నప్ప పేర పట్నం కట్టించాడని అందులో రాశాడు. ఎస్. కృష్ణస్వామి అయ్యంగారు 1919లోనే విజయనగర చరిత్ర ఆధారాల్లో దీన్ని చేర్చారు. అయినా తమ్ముడు అన్నను పొగిడిన కావ్యమేగా అని పక్కన పెట్టేవారున్నారు.

వాళ్లొకసారి రెడ్‌హిల్స్, పొన్నేరి మీదుగా ఆ ప్రళయకావేరికి, అంటే మన పళవేర్కాడుకు, వెళ్లిరావాలి. 2018 దాకా అదీ మనమూ ఒకే తిరువళ్లూరు జిల్లా. డచ్చివారి శ్మశానం ద్వారం దగ్గర రాతిలో చెక్కిన అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. అందరూ వాటికే ఫొటోలు తీసుకుని వెనక్కి తిరుగుతారు. ఆ సమాధులు మద్రాసు పుట్టాక వచ్చినవి. మన వాదానికి పనికొచ్చేది తుప్పలు కమ్మేసిన డచ్చివారి గెల్డ్రియా కోట. 1612లో మైలాపురం శాంథోములోని పోర్చుగీసులు వచ్చి డచ్చివారి వర్తకస్థావరం మీద పడ్డారు. మరుసటేడు ఆ కోట లేచింది. అంకభూపాలుడు చెప్పిన కొట్లాటలు కవి కల్పన కావనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక పట్నం కట్టాలన్న ఆలోచన అయ్యప్పదేనా? తమ్ముడి సాక్ష్యం చెల్లదంటే, యజమానుల మెప్పు కోసం లెక్కలు రాసిన కంపెనీ ఉద్యోగుల సాక్ష్యం మాత్రం ఎలా చెల్లుతుంది? ఇసుకదిబ్బ కావాలని డే వచ్చి ఉండొచ్చు. అతణ్ణి అక్కడ దింపితే తమకేం లాభమో దామెర్లవారికి బాగా తెలుసు. పుట్టినరోజు నడకలు పెట్టేవారు వచ్చే ఏడు పళవేర్కాడులో మొదలుపెట్టి పూనమల్లిలో ముగించాలి. దారిలో అంబత్తూరు ఓటీలో కాఫీ మేమిప్పిస్తాం.