ఇనుపమోకు పుట్టుపూర్వోత్తరములు

లోహమును తీగగా సాగదీయు విద్య అతి ప్రాచీనము. తొలినాళ్ల స్వర్ణకారులు పలుచని రేకును సన్నని పట్టీలుగా కోసి, మెలిపెట్టి తీగ చేసికొనెడివారు. పిమ్మట, ఒకదానికంటె నొకటి సన్ననైన రంధ్రములుగల కమ్మచ్చు గుండ లోహపుకడ్డీని లాగు పద్ధతి వాడుకలోనికి వచ్చెను; కరీంనగరపు వెండితీగపనికి నేటికిని అదియే ఆధారము. ఐరోపాలో ఈ పనికి న్యూరెంబర్గు పేరుగాంచెను. 15వ శతాబ్ది చివర ఆల్బ్రెక్టు డ్యూరరు అచ్చటి తీగమిల్లును నీటిరంగులలో చిత్రించెను.

అలంకారమునకు పుట్టిన తీగ ప్రాణభారమును వహించుట మాత్రము చాలకాలమునకు గాని సంభవింపలేదు. జర్మనీలోని హార్ట్జ్ పర్వతములయందలి గనులలో జనపనార మోకులు చివికిపోవుచు, ఇనుపగొలుసులు హఠాత్తుగా తెగుచుండ, గనుల అధికారియగు విల్‌హెల్మ్ ఆల్బర్టు 1834లో క్లౌస్టాల్‌నందు నాలుగేసి ఇనుపతీగలను ఒక్కొక్క పేటగా మెలివేయించి, అట్టి మూడు పేటలను ఒక మోకుగా పేనించెను. గొలుసున ఒక్క లంకె విరిగిన సర్వమును కూలును. మోకున ఒక తీగ తెగినను తక్కినవి దాని భారమును పంచుకొనును. అయితే ఈ గుణములోనే ఒక అపాయము దాగియున్నది: లోపలి తీగలు తెగినను, తుప్పుపట్టి క్షీణించినను, పైకి మోకు నిండుగానే కనబడును.

తీగను పరీక్షించుటకు చిరకాలము వాడిన మార్గము, ఒక ముక్కను కోసి, తెగువరకు లాగియు, వంచియు, మెలిపెట్టియు చూచుట. ఆ పరీక్ష తెగిన ముక్క బలమును చెప్పును గాని, బరువు మోయబోవు తీగ బలమును చెప్పదు. న్యూయార్కున బ్రూక్లిన్ వంతెన కట్టుచుండగా, పరీక్షలో నెగ్గిన తీగను దారిలో మార్చి, తిరస్కృతమైన తీగను గుత్తదారుడు వంతెనకు చేర్చుచున్నట్లు 1878లో బయటపడెను. అప్పటికే అది కేబుళ్లలో కలిసిపోయినందున వెలికితీయుట అసాధ్యమయ్యెను. కావలసినదానికి ఆరురెట్లు బలముండునట్లు వంతెనను రూపొందించినందునను, ప్రతి కేబులునకు 150 తీగలు అదనముగా చేర్చినందునను ప్రమాదము తప్పెను.

కోయకయే లోపలిలోపమును తెలిసికొను ఉపాయమును అయస్కాంతము చూపెను. 1868లో ఆంగ్లేయుడగు శాక్స్‌బీ, ఫిరంగిగొట్టముల లోపములను దిక్సూచితో పసిగట్టెను. 1906 ప్రాంతమున దక్షిణాఫ్రికాలో గనిమోకులకు అయస్కాంతపరీక్ష మొదలయ్యెను. మోకును బలమైన అయస్కాంతము నడుమనుండి నడిపింపగా, అరిగిన చోట లోహము తరిగినంత అయస్కాంతప్రవాహము తగ్గును. తీగ తెగినచోట ఆ ప్రవాహము కొంత వెలుపలికి పొంగును. ఈ రెండు మార్పులను తీగచుట్టలు గాని, సూక్ష్మగ్రాహకములు గాని గ్రహించి, దోషస్థానముతోసహా గీతలుగా నమోదు చేయును. అయస్కాంతమునకు లొంగని రాగి, అల్యూమినియము తీగలకు, తీగచుట్టలో మారుచుండు విద్యుత్తును ప్రసరింపజేసి, తీగలో పుట్టు సుడిప్రవాహముల తేడాలను కొలుతురు.

గనిలోనికి దిగు కూలివాడు తన్ను మోయు మోకును తాను పరీక్షించుకొనజాలడు. అతడు పైవారిని నమ్మి దిగుచున్నాడు. కావున మోకును ఎప్పుడు మార్చవలెనో ప్రమాదము నిర్ణయింపక ముందే పరీక్ష నిర్ణయించునట్లు చూచుట, గనిని నడుపువారికి తప్పింపరాని ధర్మము.