కోకాపేట ఎకరం: చరిత్ర, భూగోళం, అర్థశాస్త్రం

హైదరాబాదుకు పడమర, గండిపేట చెరువుకు దగ్గర్లో ఉన్న కోకాపేట వందేళ్ల కిందట వాననూ చెరువునూ నమ్ముకుని బతికిన పల్లె. 2023 ఆగస్టు 3న జరిగిన వేలంలో అదే ఊళ్లో ప్రభుత్వ భూమి ఎకరం 100 కోట్ల 75 లక్షల రూపాయల దాకా పలికింది. నేల మారలేదు, దాని విలువ మారింది. ఎందుకు మారిందో తెలుసుకోవడానికి ఉన్నత పాఠశాల సాంఘిక శాస్త్రంలోని ప్రాథమిక భావనలు చాలావరకు సరిపోతాయి. పుస్తకంలో చరిత్ర, భూగోళం, అర్థశాస్త్రం వేర్వేరు పాఠాలుగా ఉంటాయి. కోకాపేటను చదవాలంటే మూడూ ఒకేసారి కావాలి.

ఒక ఊరి గురించి భూగోళ శాస్త్రం మొదట రెండు విషయాలు అడుగుతుంది: నేల ఎలాంటిది, చుట్టూ ఏమున్నాయి. కోకాపేట దక్కను పీఠభూమి మీద, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ఎండకూ వానకూ ఆ రాయి పగిలి, అరిగి, ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు కనిపించే గుండ్లుగా మిగిలింది. ఖాజాగూడ గుట్టల్లో ఆ గుండ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. రాయి అరిగి ఏర్పడ్డ మట్టి ఎర్రని చెలక. పలచగా ఉంటుంది, నీరు ఎక్కువసేపు నిలవదు. ఏడాదికి కురిసే సుమారు 800 మిల్లీమీటర్ల వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది. అందుకే ఈ ప్రాంతపు పాతకాలం వాళ్లు పల్లానికి కట్ట వేసి చెరువులు చేసుకున్నారు. చెరువు కింద తడి అందినచోట వరి పండేది, మిగతా చోట జొన్న, కంది, ఆముదం వేసేవారు. నిజాం కాలపు రెవెన్యూ లెక్కల్లో తడి పొలం తరి, మెట్ట పొలం ఖుష్కి. ఆ రెంటికీ శిస్తు వేరు.

శిస్తులోని ఈ తేడా అర్థశాస్త్రంలో ఒక ముఖ్యమైన భావనకు దారి తీస్తుంది. ఇంగ్లండులో డేవిడ్ రికార్డో 1817లో ప్రచురించిన గ్రంథంలో భూమి భాటకాన్ని సారంలోని తేడాతో వివరించాడు. అంతే శ్రమ, అంతే పెట్టుబడి పెట్టినా మంచి నేల ఎక్కువ ఇస్తుంది, ఆ ఎక్కువ భాగమే భూయజమానికి భాటకంగా చేరుతుంది. 1826లో జర్మనీకి చెందిన ఫాన్ థ్యూనెన్ మరో కోణం చూపించాడు. నేలలు ఒకేలా ఉన్నా, సంతకు దగ్గరగా ఉన్న పొలానికి రవాణా ఖర్చు తగ్గుతుంది కనుక దానికి విలువ ఎక్కువ. రికార్డో లెక్కన కోకాపేట చెలక పేద భూమి. థ్యూనెన్ లెక్కన దాని భవిష్యత్తు నగరం ఎటు పెరుగుతుందన్న దానిమీద ఆధారపడింది. తర్వాతి రెండు శతాబ్దాలు రెండోవాడి వైపే మొగ్గాయి.

నగరం దగ్గర్లోనే పుట్టింది. కాకతీయుల తర్వాత బహమనీల చేతుల్లోకి వెళ్లిన గోల్కొండ 1518 నుంచి కుతుబ్‌షాహీల రాజధాని. 1591లో మూసీ దక్షిణపు ఒడ్డున హైదరాబాదు వెలిసింది. 1687లో మొఘలులు గోల్కొండను పట్టుకున్నారు, 1724 నుంచి అసఫ్‌జాహీల పాలన. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా ప్రాంతంలో చాలా భూమి నిజాం సొంత ఎస్టేటైన సర్ఫ్-ఎ-ఖాస్. మధ్య మధ్య ప్రభువులకు ఇచ్చిన పాయిగాలు, జాగీర్లు ఉండేవి. దున్నేవాడు ఒకరు, శిస్తు తినేవాడు మరొకరు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. మరుసటి ఏడాదే సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వపరమైంది, జాగీర్లు రద్దయ్యాయి. 1950 నాటి కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చింది.

చరిత్రకు ఆధారాలంటే శాసనాలూ నాణేలూ మాత్రమే కాదు. ఊళ్లో భూమి చరిత్రకు సేత్వారు, పహాణీ, పట్టా పుస్తకం లాంటి రెవెన్యూ రికార్డులు ప్రాథమిక ఆధారాలు. తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ నేటికీ కోర్టుల్లో తరచు ముందుకొచ్చే పత్రం, ఎందుకంటే జాగీర్లు రద్దయ్యాక ఏ సర్వే నంబరు ఎవరి పేర ఉందో అందులో నమోదైంది. అయితే ఏ ఆధారమూ సంపూర్ణం కాదు. కూలికి నాటు వేసిన మనిషి పేరు పహాణీలో ఎక్కడా ఉండదు. రికార్డు ఏం చెబుతోందో చూడటం చరిత్ర పాఠంలో మొదటి మెట్టు. అది ఎవరి గురించి మాట్లాడటం లేదో అడగడం రెండోది. రెండో మెట్టు మన తరగతి గదుల్లో తక్కువగా ఎక్కిస్తారు.

ఈ ప్రాంతపు భూగోళాన్ని మార్చిన సంఘటన 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టే మూసీ ఆ రోజు నగరాన్ని ముంచెత్తింది. వేలమంది చనిపోయారు. తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరద నీటిని నగరానికి ఎగువన ఆపాలన్నది ఆయన సూచన. దాని ఫలితంగా మూసీ మీద గండిపేట వద్ద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ నది మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద నుంచి రక్షణ కోసం మొదలైన పని తాగునీటికీ అక్కరకొచ్చింది. 3.9 టీఎంసీలు పట్టే గండిపేట నగరం కంటే ఎత్తులో ఉండడంతో నీరు పంపులతో పని లేకుండా వాలున దిగేది. ఒక్క మనిషి కొని దాచుకోలేనిది, అందరికీ పనికొచ్చేది, ప్రభుత్వమే చేయవలసినది అయిన వరద రక్షణ లాంటివాటిని అర్థశాస్త్రంలో ప్రజా వస్తువులంటారు. పుస్తకాలు దీనికి దీపస్తంభం ఉదాహరణ ఇస్తాయి. సముద్రం లేని తెలంగాణ పిల్లలకు గండిపేట కట్ట ఇంతకంటే మంచి ఉదాహరణ.

స్వాతంత్ర్యం తర్వాత కొన్ని దశాబ్దాలు కోకాపేట వైపు పెద్దగా ఏమీ రాలేదు. 1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం తర్వాత గచ్చిబౌలికి వచ్చింది. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. వ్యవసాయానికి అంతగా పనికిరాని, ప్రభుత్వం చేతిలో విస్తారంగా ఉన్న బండనేల నగరానికి పడమర అలాగే మిగిలిపోయింది. రైతుకు లోపమైనదే తర్వాత ప్రణాళికా అధికారికి సౌకర్యమైంది.

1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని ఆ ఏడాదే హైదరాబాదులో పెట్టింది. ట్రిపుల్ ఐటీ కూడా అప్పుడే మొదలైంది. 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ తలుపులు తెరిచింది, సైబరాబాద్ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఒక కంపెనీ వస్తే దాని పక్కకే మరొకటి వస్తుంది, ఎందుకంటే పనితెలిసిన ఉద్యోగులు, బ్యాంకులు, వసతులు అక్కడ సిద్ధంగా ఉంటాయి. అర్థశాస్త్రంలో దీన్ని సముదాయ లాభం అనవచ్చు. 2013-14లో 57,258 కోట్ల రూపాయలుగా ఉన్న తెలంగాణ ప్రాంతపు ఐటీ ఎగుమతులు 2022-23కల్లా 2,41,275 కోట్లకు చేరాయి. వ్యవసాయం, పరిశ్రమ, సేవలు అంటూ ఆర్థిక వ్యవస్థ మెట్టు మెట్టుగా ఎదుగుతుందని పాఠం చెబుతుంది. కోకాపేట మధ్య మెట్టును దాదాపు ఎక్కనే లేదు. జొన్నచేను నుంచి నేరుగా సేవారంగంలోకి దూకింది. ఆ దూకుడులో చదువున్నవాళ్లకు ఉద్యోగాలు దొరికాయి. పొలం పని మాత్రమే తెలిసినవాళ్లకు ఫ్యాక్టరీ ఇచ్చే నడిమి రకం ఉపాధి దొరకలేదు.

తర్వాత రోడ్లు వచ్చాయి. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకుంది, అదే ఏడాది నవంబరులో ఔటర్ రింగ్ రోడ్డు మొదటి భాగం గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా అందుబాటులోకి వచ్చింది. మొత్తం 158 కిలోమీటర్లు, ఎనిమిది వరుసల రోడ్డు. అది కోకాపేట పక్కనుంచే పోతుంది. థ్యూనెన్ చెప్పిన దూరాన్ని కిలోమీటర్లలో కాక నిమిషాల్లో కొలవాల్సిన రోజు వచ్చింది.

ధర కథ ఇక్కడినుంచి చిక్కబడుతుంది. 2006లో అప్పటి హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) కోకాపేట భూమిని వేలం వేసినప్పుడు గరిష్ఠ ధర ఎకరం 14 కోట్లు దాటింది. ఆ తర్వాత భూమి హక్కుల మీద వ్యాజ్యాలు నడిచాయి, 2008లో ప్రపంచ ఆర్థిక మాంద్యం వచ్చింది, కొన్నవారిలో కొందరు డబ్బు వెనక్కి అడిగారు. ధర అంటే ఆ రోజు నేల విలువ ఒక్కటే కాదు, రేపటి మీద నమ్మకం కూడా. హక్కు పత్రం తేలకపోతే ఆ నమ్మకం నిలవదు. వ్యాజ్యాల నుంచి బయటపడ్డాక, హుడా స్థానంలో వచ్చిన హెచ్‌ఎండీఏ నియోపోలిస్ పేరుతో లేఅవుట్ వేసి, 2021 జులైలో 49.92 ఎకరాలను ఆన్‌లైన్‌లో వేలానికి పెట్టింది. ఎకరానికి 25 కోట్ల కనీస ధరతో మొదలై గరిష్ఠంగా 60 కోట్ల 20 లక్షలు పలికింది, మొత్తం 2,000 కోట్లు దాటింది. 2023 ఆగస్టులో కనీస ధర 35 కోట్లు. 45.33 ఎకరాలకు 3,319 కోట్లకు పైగా వచ్చాయి. 2025 నవంబరు వేలాల్లో ఎకరం రేటు 137 కోట్లు దాటింది.

ఈ అంకెలను చదివేటప్పుడు మూడు జాగ్రత్తలు కావాలి. మొదటిది, పతాక శీర్షికకెక్కే 100 కోట్లు గరిష్ఠ ధర. 2023లో సగటు సుమారు 73 కోట్లే, ఒక ప్లాటు ఎకరం 67 కోట్ల లెక్కనే పోయింది. రెండోది, 2006 రూపాయి 2023 రూపాయి కాదు. ఆ పదిహేడేళ్లలో దేశంలో సాధారణ ధరలే సుమారు మూడు రెట్లయ్యాయి, కనుక 14 కోట్లు 100 కోట్లైందంటే నిజ విలువలో పెరుగుదల ఏడు రెట్లు కాదు, రెండు రెట్లకు కాస్త పైన. మూడోది, ఇదంతా ప్రభుత్వం రోడ్లు, కాలువలు, కరెంటు ఇచ్చి అమ్మిన స్థలం ధర. పక్క సర్వే నంబరులో రైతు పాతికేళ్ల కిందట అమ్ముకున్న ధరకూ దీనికీ పోలిక లేదు.

ఎకరానికి 4,840 చదరపు గజాలు. గరిష్ఠ ధర లెక్కన గజం 2 లక్షల 8 వేల రూపాయలు. అంత పోసి కొన్నవాడు నాలుగంతస్తులు కట్టి బయటపడలేడు. భూమి సరఫరాను పెంచలేం, పెట్టుబడిని పెంచగలం. ఒక ఉత్పత్తి కారకం ప్రియమైనప్పుడు దాని బదులు మరొకదాన్ని వాడుకోవడం ఇదే. పైగా 2006 నాటి జీవో 86 నిర్మాణ విస్తీర్ణానికి ఉన్న పరిమితిని తీసేసింది. రోడ్డు వెడల్పు, ఖాళీ స్థలం, అగ్నిమాపక నిబంధనలకు లోబడి ఎంత ఎత్తైనా పోవచ్చు. కోకాపేటలో 50 అంతస్తులు దాటిన భవనాలు లేచింది ఈ రెండు కారణాల వల్లే. వాటిని కట్టే కూలీలు ఎక్కువగా బీహారు, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చినవాళ్లు. వలస పాఠానికి ఇంకో ఉదాహరణ వెతకనక్కర్లేదు.

భూమి ధరలో యజమాని శ్రమ ఎంత అన్నది అర్థశాస్త్రంలో పాత వివాదం. కోకాపేట విషయంలో జవాబు తేలికే. గండిపేట కట్ట, విశ్వవిద్యాలయం, విమానాశ్రయం, రింగు రోడ్డు అన్నీ ప్రజల డబ్బుతోనో ప్రభుత్వ నిర్ణయంతోనో వచ్చాయి. ఆ లెక్కన వేలం సొమ్ము ఖజానాకు చేరడం న్యాయమే. కాకపోతే భూమి ఒక్కసారే అమ్ముడుపోతుంది. ఏటేటా వచ్చే ఖర్చులకు దాన్ని ఆదాయంగా చూపించడం మంచి పద్ధతి కాదు.

ధరలోకి ఎక్కని ఖర్చు కూడా ఉంది. ఒకరు చేసిన పనికి మరొకరు నష్టపోవడాన్ని అర్థశాస్త్రం బాహ్య ప్రభావం అంటుంది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జంట జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని కాపాడటానికి 1996 మార్చి 8న వచ్చిన జీవో 111, పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలనూ భారీ నిర్మాణాలనూ నిషేధించింది. శంషాబాద్ దగ్గర నూనె కర్మాగారం కేసులో 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ రక్షణకే మొగ్గు చూపింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ ఆంక్షలను సడలించింది. ఈలోగా నగరపు దాహం గండిపేటను దాటిపోయింది. నాగార్జునసాగర్ నుంచి కృష్ణ నీరు వంద కిలోమీటర్లకు పైగా, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీరు 186 కిలోమీటర్లు పంపుల మీద ఎక్కి నగరానికి వస్తోంది. ఆ కరెంటు బిల్లు కోకాపేట ఎకరం ధరలో కలవదు. అది నగరానికి నీరిచ్చే జలమండలి ఖాతాలో పడుతుంది.